గూడ్సు బండికి లేని బోర్డు

జనగామలో మా హాలు తలుపు పక్కన ఒక బోర్డు పెట్టారు. "హాలు లోపల డోలు, డప్పు వాయించరాదు" అని నీలిరంగు అక్షరాలతో రాశారు. అదే హాల్లో మృదంగం వాయించవచ్చు, తబలా వాయించవచ్చు. మృదంగానికి రెండు వైపులా ఉండేది తోలే. డోలుకూ తోలే. ఇది తప్పు. ఈ మాట ముందు చెప్పిన తర్వాతే మిగతాది రాస్తాను.

మా హాలు అన్నాను. కాగితాల్లో అది నాది కాదు, ఒక సంగీత సమితిది. స్టేషనుకు నాలుగడుగుల దూరం. దానికి రేకుల కప్పు ఉన్నప్పటి నుంచి నేను అక్కడ పాటలు వింటున్నాను. వాన పెద్దదైతే గాయకుడు ఆగిపోయేవాడు. వాన తగ్గాక అదే చరణం దగ్గర మళ్లీ ఎత్తుకునేవాడు. మధ్యలో మేము ఒక్కరమూ లేచేవాళ్లం కాదు. అట్లా కూర్చున్నవాడు మా హాలు అనకపోతే ఇంకెవరంటారు?

నేను ఉండేది మహబూబాబాద్‌లో. మాకది ఇప్పటికీ మానుకోటే. అక్కడ నాకు సైకిల్ దుకాణం ఉండేది. గంటకింత అని సైకిళ్లు కిరాయికి ఇచ్చేవాణ్ని, పంక్చర్లు వేసేవాణ్ని. బడికి పోయింది రెండేళ్లే. తక్కిన చదువంతా దుకాణం ఎదుటి గోడ మీదే నేర్చుకున్నాను. ఆ గోడకు భజనల పోస్టర్లు, నాటకాల పోస్టర్లు, సభల పోస్టర్లు ఒకదాని మీద ఒకటి అంటించేవారు. చక్రం తిప్పుకుంటూ ఒక్కో అక్షరం కూడబలుక్కునేవాణ్ని. అందుకే నా చేతిరాత ఇప్పటికీ పోస్టరు అక్షరాలలాగే లావుగా ఉంటుంది. ఒక పోస్టుకార్డు మీద నాలుగు మాటలకే చోటు చాలదు.

సంగీతం కోసం నేను తిరిగినంత మా బజారులో ఎవరూ తిరగలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, గొప్ప కోసమే చెబుతున్నాను. కురవి జాతరలో డోళ్ల వెంట నడిచాను. గంగారం అడవిలో కోయవాళ్ల పెళ్లికి సైకిల్ మీద పోయి, వాళ్ల వాయిద్యం విని, అన్నం తిని వచ్చాను. క్రిస్మస్ ముందు చర్చిలో పాటలు నేర్చుకుంటుంటే వెనక బెంచీలో కూర్చుని విన్నాను. పాస్టరుగారు నన్ను ప్రార్థనకు వచ్చాననుకుని సంతోషించారు. పాటకు వచ్చానని చెబితే ఇంకా సంతోషించారు. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల భజన ఉంటుంది. డ్యూటీ దిగి, స్నానం చేసి, కళ్ల అంచున కాటుకలా మిగిలిన బొగ్గు నలుపుతోనే హార్మోనియం ముందు కూర్చుంటారు. భూమి లోపల మాట్లాడీ మాట్లాడీ బలిసిన గొంతులవి. అలాంటి పైస్థాయి నేను ఏ పట్నంలోనూ వినలేదు.

విని చేతులు దులుపుకుని రాలేదు. పాట ఉన్న ప్రతిచోటా ఏదో ఒక పని చేసి వచ్చాను. జనగామ హాల్లో తెర లాగితే దాని చక్రం కీచుమనేది. ఆలాపన మొదలయ్యే సమయానికే ఆ కీచు. నేను సైకిల్ చక్రం బేరింగులు పెట్టి, గ్రీజు పూసి బిగించాను. ఆ తెర నాటి నుంచి నేటి వరకు సప్పుడు చేయలేదు. కుర్చీల కాళ్లకు రబ్బరు తొడిగాను. మానుకోటలో వాళ్ల పోస్టర్లు అంటించాను. ఎవరూ చెప్పలేదు, నేను చెప్పించుకోలేదు.

ఇక డోలు సంగతి. నాకొక దోస్తు ఉన్నాడు. నెల్లికుదురు పక్క ఊరివాడు. ఒగ్గు కథ చెప్పే బృందంలో డోలు వాయిస్తాడు. ఒక చేత్తో పుల్ల, రెండో వైపు ఒట్టి అరచెయ్యి. ఇద్దరం ఒకరినొకరు బావా అనుకుంటాం, చుట్టరికం ఏమీ లేదు. ఒక ఆదివారం జనగామలో కచేరి ఉంది, రమ్మని పిలిచాను. మా దిక్కు కచేరి అంటే తహసీల్దారు కూర్చునే చోటు. వాడి మొహం మారిపోయింది.

"నేనేం జేసిన బావా? కచేరికి ఎందుకు? ఎవడన్న కేసు వెట్టిండా?"

"అరే, పాట కచేరి. కూసొని వినుడే."

"గట్ల జెప్పరాదు మరి. పాసుబుక్కు గూడ దేవాలె అనుకున్న."

కొత్త తువ్వాల భుజాన వేసుకుని వచ్చాడు. కచేరిలో సగం దాటాక గాయకుడు ఆగాడు, వయొలిన్ ఆగింది, మృదంగం ఒక్కటే మిగిలింది. ఆ విద్వాంసుడు చాలాసేపు వాయించాడు. హాలంతా ఊపిరి బిగబట్టి వింటోంది. నేను మృదంగం కంటే మా దోస్తునే ఎక్కువ చూశాను. తువ్వాలను పిడికిట్లో పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

స్టేషనులో మా బండి కోసం నిలబడ్డాం. ఇంకా ఎండ పోలేదు.

"బావా, పాట బంద్‌వెట్టి మరీ విన్నరు గద ఆయనను."

"అట్లనే ఉంటది. గది ఆయన వంతు."

"ఒక్కడన్న లేసిండా? ఒక్కడన్న చాయ్ అన్నడా?"

"లేదు."

వాడు నవ్వాడు. "జనం వచ్చి కూసునేదాంక నా డోలు. కథ జెప్పేటోడు నీళ్లు తాగుతుంటె నా డోలు. జనం లేసిపోతుంటె నా డోలు. ఇన్నేండ్ల సంది కొడుతున్న, ఉత్త డోలు కోసం ఎవడు కూసోలే బావా. భుజం గూడ లేస్తలేదు ఇప్పుడు. దవాఖానల ఇగ బంద్‌జెయ్యి అంటున్నరు. బంద్‌జేసే ముందు ఒక్కపారి, గీ హాల్ల, కథ లేకుంట, ఒట్టి డోలు. గంతే."

"గది నా జిమ్మ, నేను జూసుకుంట" అన్నాను. ప్లాట్‌ఫారం మీద నలుగురు తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.

తర్వాత హాలు కొన్నాళ్లు మూసేశారు. మరమ్మతులు చేశారు. కొత్త సీలింగు, నేలకు కొత్త బండలు, కిటికీలకు పెద్ద పెద్ద అద్దాలు. తెరిచారని తెలిసి, దోస్తు సంగతి మాట్లాడదామని సంతోషంగా పోయాను. తలుపు పక్కన ఆ బోర్డు కనిపించింది. రెండుసార్లు చదివాను. గోడల మీద చదువు నేర్చుకున్నవాణ్ని, గోడ మీద రాత చదివి ఎన్నడూ అంత బాధపడలేదు. డోలు ఎవరు వాయిస్తారో, మృదంగం ఎవరు వాయిస్తారో ఆ బోర్డు రాయించినవాళ్లకు తెలియక రాయించలేదు.

సమితి కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు. మంచి మనిషి. చెడ్డవాడైతే నాకంత కోపం వచ్చేది కాదు.

"పెద్దాయనా, ఒక పెండ్లికి ఇచ్చినం హాలు. డోళ్లు కొడితె అద్దాలన్ని గడగడ వణికినయి. పగిలితె ఎవరు జిమ్మ?"

"మృదంగానికి వణకలేదా సారూ?"

"అది వేరు. అది శాస్త్రం."

"డోలు ఏంది మరి? సైకిల్ గంటనా?"

ఆయన నవ్వాడు. సరిగ్గా అప్పుడే స్టేషను మీదుగా గూడ్సు బండి పోయింది. కిటికీలన్నీ ఒకటే గడగడ. బొగ్గు డబ్బాలు ఎన్నో ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. చివరి డబ్బా దాటాక అడిగాను.

"గూడ్సు బండికి బోర్డు ఎక్కడ వెట్టిన్రు సారూ?"

ఈసారి ఆయన నవ్వలేదు.

నేను పనివాణ్ని. వణికేది ఎందుకు వణుకుతోందో చూడకుండా ఇంటికి పోలేను. ఒక్కో అద్దం మీద వేలు పెట్టి చూశాను. అద్దానికీ చట్రానికీ మధ్య సందు ఉంది. బిగించినవాడు తొందరపడ్డాడు, అంతే. మరుసటి వారం పాత సైకిల్ ట్యూబులు, కత్తెర సంచిలో వేసుకుని మొదటి బండికే వచ్చాను. ట్యూబును సన్నని పట్టీలుగా కోసి ఒక్కో సందులో కూర్చి బిగించాను. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళ దాటింది. తర్వాత కార్యదర్శి, నేను బల్ల మీద కూర్చుని గూడ్సు బండి కోసం ఎదురుచూశాం. ఇద్దరు పెద్దమనుషులు గూడ్సు బండి కోసం అంత ఆశగా ఎదురుచూడటం రైల్వేవాళ్లు కూడా చూసి ఉండరు. బండి వచ్చింది. ఆయన లేచి అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. బండి వెళ్లిపోయింది. అద్దం కిక్కురుమనలేదు.

"శభాష్ పెద్దాయనా. కమిటీల వెడత" అన్నాడు.

అద్దాలు నోరు మూసుకున్నాయి. బోర్డు మాత్రం అక్కడే ఉంది. ఒక ఉత్తరం రాశాను. జవాబు లేదు. రెండోది రాశాను. మూడోది రిజిస్టరు పోస్టులో పంపాను, సంతకం పెట్టి తీసుకున్నారు, జవాబు లేదు. ఫోను చేస్తే కమిటీ కూర్చోలేదన్నారు.

ఈలోగా దోస్తు భుజం సంగతి, బోర్డు సంగతి నా దగ్గర విని భూపాలపల్లి భజనవాళ్లు తమ దగ్గరికి రమ్మన్నారు. వాళ్లకున్నది కార్మికుల కాలనీలో ఒక పొడుగాటి గది, కింద చాపలు. బస్సులో డోలును ఒళ్లో పెట్టుకుని పోయాం. సాయంత్రం అయిదింటికి మొదలుపెట్టాడు. కథ లేదు, పాట లేదు. మొదట చిన్నగా, దూరం నుంచి మంద వస్తున్నట్టు. తర్వాత దగ్గరికి. పుల్ల ఒక లెక్క చెబుతుంటే అరచెయ్యి ఇంకో లెక్క చెప్పింది, రెండూ ఎక్కడో విడిపోయి మళ్లీ ఒక్క దెబ్బ మీద వచ్చి కలిశాయి. చాయ్ తెచ్చినాయన కెటిల్ కింద పెట్టి అక్కడే కూలబడ్డాడు. నేను మా దోస్తు వైపు కాదు, వింటున్నవాళ్ల వైపు తిరిగి కూర్చున్నాను. ఇంతమందికి వీణ్ని తెచ్చి వినిపించింది నేనే కదా అని నా ఛాతీ వెడల్పయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "ఎట్లున్నది బావా? ఇగ ఆశ తీరిందా?"

వాడు భుజం రుద్దుకుంటూ కిటికీలోంచి చూశాడు.

"మస్తు మంచిగున్నది. గసోంటోళ్లకు ఎన్నిసార్లయినా కొడత. గని బావా, గా జాగ నన్ను వద్దన్న జాగ కాదు గద."

ఇంటికి వచ్చి కాగితం తీశాను. మా ఇంటామె చూసి అందుకుంది.

"మల్ల ఉత్తరమా? నాకెన్నడన్న ఒక్కటి రాసినవా? గా డోలాయన మన పెండ్లిల కొట్టిండా ఏంది, గింత పరేషాన్ అయితున్నవు?"

"కొట్టిండు. మన పెండ్లిల కొట్టింది ఆయనే."

"గందుకేనా, నీకు గప్పటిసంది నా మాట ఇనవడదు!" అని లోపలికి పోయింది. మళ్లీ గడప దగ్గరికి వచ్చి, "రాస్తే రాసినవు గని, జర గట్టిగ రాయి. మొదటి మూడు మెత్తగున్నయి" అంది.

గట్టిగా రాశాను. ఉత్తరం చిన్నదే. "అయ్యా, కిటికీల అద్దాలు ఇప్పుడు అదరడం లేదు. కార్యదర్శిగారు స్వయంగా చెయ్యి పెట్టి చూశారు. అయినా బోర్డు అట్లాగే ఉంది. కాబట్టి ఇన్నాళ్లూ అదిరింది అద్దాలు కావు. మరి అదిరేది ఏమిటో దయచేసి రాసి పంపగలరు." కింద నా పోస్టరు అక్షరాలతో సంతకం.

జవాబు వచ్చింది. కవరు విప్పి ఒక్కసారి చదువుకుని, నెల్లికుదురు బస్సెక్కి నేరుగా దోస్తు ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని డోలు తాళ్లు బిగిస్తున్నాడు. చదవమన్నాడు. నిలబడే చదివాను. సగం టైపు చేసి, సగం కార్యదర్శి తన పెన్నుతో రాసిన ఉత్తరం అది.

"అయ్యా, మీ నాలుగు ఉత్తరాలు అందినవి. ఆఖరి ఉత్తరంలో మీరు అడిగిన ప్రశ్నను కమిటీ ముందు చదివి వినిపించినాను. జవాబు ఎవరూ చెప్పలేదు. ఎందుకో చెప్పలేని నిబంధన ఉండరాదని బోర్డు తీసివేయడమైనది. వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు హాలును మీ మిత్రుని డోలు వాద్యానికి కేటాయించినాము. వేరే కార్యక్రమం ఉండదు, ఉపన్యాసాలు ఉండవు. ఎంతసేపు వాయిస్తారో ముందుగా తెలుపవలెనని కింద ఒక వాక్యం రాసి కొట్టివేసినాను, గమనించగలరు. మృదంగం వారిని మేము ఎన్నడూ ఆ మాట అడగలేదు."