నర్సిములు వేలిముద్ర కోసం గద్వాల దాకా

మా తెలకపల్లి గైరానుకు సర్కారు మంజూరు వచ్చిందని తెలిసిన రోజు ఊరంతా సంతోషించింది. నాకు మాత్రం అన్నం సహించలేదు.

గైరాను అంటే ఊరి పశువులన్నీ మేసే ఉమ్మడి వాలు. ఏటా వానలకు అది కోసుకుపోయి కింది చేలల్లో ఇసుక మేట వేస్తోంది. దానికి అడ్డంగా రాతి కట్టలు కట్టి, చెట్లు నాటి, పశువులకు బాట వేయడానికి ఆ మంజూరు. బాట ఎవరెవరి పొలాల మీదుగా పోతుందో వాళ్లంతా ఒప్పుకోవాలన్నది షరతు. బడిపంతులుగా అర్జీ రాసింది నేనే. ‘అందరూ ఒప్పుకున్నారు’ అని రాశాను. నిజానికి ఒకణ్ణి అడగనే లేదు. అతను సాలె నర్సిములు. అయిదేళ్ల కిందట ఊరు విడిచి గద్వాలకు పోయాడు. శుక్రవారం జిల్లా అధికారి తనిఖీకి వస్తాడని, ముందురోజే నాగర్‌కర్నూల్ బంగళాలో దిగుతాడని కబురు. అబద్ధం బయటపడితే మంజూరు వెనక్కి పోతుంది. ఆ వాలును తన పేర పట్టా చేయించుకోవాలని కాచుకున్న భూస్వామి ఒకడున్నాడు. నా ఉద్యోగం సంగతి సరేసరి.

బుధవారం కోడి కూయకముందే బండెక్కి ఎనిమిదింటికి నాగర్‌కర్నూల్ చేరాను. వనపర్తి బస్సు తొమ్మిదికి అన్నారు గానీ పదింటికి కదిలింది. యుద్ధం రోజులు కదా, పెట్రోలు లేదు. బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టి ఆ గ్యాసుతో నడుపుతున్నారు. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరం దిగి నడిచాం. ఈ దారిన వెళ్లేవాళ్లు తాగే నీళ్లు వెంట ఉంచుకోవాలి.

పక్కన కూచున్న బల్మూర్ రైతు నా చేతిలోని కాగితాల కట్ట చూసి, “కచేరీ పనా పంతులూ?” అని అడిగాడు. గైరాను సంగతి చెప్పాను.

“మా ఊర్ల గూడ ఉండె. పట్టా చేసుకొని దున్నిండ్రు. రెండేండ్లు జొన్న బాగ పండింది. ఇప్పుడు రాయి తేలింది. గొడ్లను అమ్ముకున్నం,” అన్నాడు.

ఆ మాట విన్న తర్వాత నాకు గుబులు ఇంకా ఎక్కువైంది.

వనపర్తిలో దిగేసరికి ఒంటిగంట. పూటకూళ్ల ఇంట్లో నాలుగు ముద్దలు తిని, జట్కాలో వనపర్తి రోడ్డు స్టేషనుకు పోయాను. నాలుగున్నర రైలు అరగంట ఆలస్యంగా వచ్చింది. కృష్ణ వంతెన దాటుతుంటే జనం కిటికీల్లోంచి నదికి దండం పెట్టుకున్నారు. నేను ఒళ్లో కాగితాలు గట్టిగా పట్టుకుని, నర్సిములుకు ఏం చెప్పాలా అని మనసులో మాటలు కూర్చుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు గద్వాలలో అతని ఇల్లు దొరికింది. నర్సిములు మగ్గం గుంటలోంచి లేవకుండానే చూశాడు. ముందున్న నూలు చీరకు ఎర్రటి పట్టంచు.

“పంతులా? ఊర్ల ఎవరన్న పోయిండ్రా?”

“లేదన్నా. నీతో పనుండి వచ్చిన.”

చెప్పాను. చివరిదాకా విని, “నా చేన్ల బాటనా? ఇయ్య,” అన్నాడు.

అతని భార్య మల్లమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. “మా ఆవు గైరాన్ల మేసిందని బందెలదొడ్ల పెట్టిండ్రు పంతులూ. మేపు పన్ను కట్టలేదని. మూడు దినాలు నీళ్లియ్యలే. ఇంటికి తోలుకొచ్చిన నాడే సచ్చిపాయె. ఒక్కరు గూడ అడ్డం మాట్లాడలే,” అంది.

ఆ ఏడు నేను ఊళ్లోనే ఉన్నాను. బందెలదొడ్డి బడి వెనకే. ఆ ఆవు అరుపులు పిల్లలకు పాఠం చెబుతూ నేనూ విన్నాను. కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. “నేను గూడ మాట్లాడలేదు వదినా,” అన్నాను. “ఇంకో తప్పు గూడ చేసిన. మీరు ఒప్పుకున్నరని ముందే రాసిన.”

నర్సిములు మగ్గం ఆపాడు.

“నన్నడగకుండనే రాసినవా?”

“రాసిన.”

అతను మళ్లీ మగ్గం ఆడించసాగాడు. మల్లమ్మ జొన్నరొట్టె పెట్టింది. అరుగు మీద పడుకున్నాను గానీ కన్ను మూతపడలేదు.

గురువారం పొద్దున రైలుకు గంట ఉందనగా నర్సిములు కాగితం అడిగాడు. “రెండు మాటలు రాయి. ఆ గైరాన్ల మేసిన ఏ గొడ్డునూ బందె పెట్టొద్దు. ఇగ రెండోది, నువ్వు అబద్ధం రాసినవని ఆ సారుకు నీ నోటితోనే చెప్పాలె. అట్ల మాటిస్తెనే ఏలు ముద్రేస్త.”

మొదటిది రాశాను. రెండోదానికి మాటిచ్చాను. అతను వేలిముద్ర వేశాడు.

తిరుగు రైల్లో, జట్కాలో, బస్సులో నాకు ఒకటే ఆలోచన. ముద్ర చేతికొచ్చింది కదా, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? వనపర్తి దాటాక పొయ్యి చల్లారి బస్సు గంటన్నర ఆగింది. అధికారి ఏదో పనిపడి అప్పటికే బంగళా విడిచి వెనక్కి వెళ్లిపోయి ఉంటే బాగుండునని కూడా ఒకసారి అనుకున్నాను.

ఆయన వెళ్లలేదు. సాయంత్రం ఆరింటికి నాగర్‌కర్నూల్ బంగళా వరండాలో టీ తాగుతున్నాడు. కాగితం ముందుపెట్టి నిలబడే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన అర్జీనీ దీన్నీ పక్కపక్కన పెట్టి చదివాడు. ఉర్దూలో అన్నదాన్ని తెలుగులో చెబుతున్నాను: “బందె షరతు మంచిదే, ఉంచుతాను. మంజూరు ఆగదు. కానీ ఈ పనిమీద నీ సంతకం ఇక చెల్లదు. రేపు ఊళ్లో అందరి ముందూ ఈ మాటే చెప్పు. బడిలో నీ ఉద్యోగం సంగతి మీ పైవాళ్లు చూసుకుంటారు.”

సరాయిలో కాసేపు పడుకుని నడిరాత్రి దాటగానే బండెక్కాను. గద్వాలకు పోయి రావాలంటే రెండు రోజులు చాలు. బస్సును నమ్మొద్దు గానీ రైలును నమ్మవచ్చు. ఆ దారిలో నన్ను కసిరినవాళ్లు లేరు, కోపం ఉన్నవాళ్లు కూడా అన్నం పెట్టారు. తెల్లారేసరికి తెలకపల్లి వాలు కనిపించింది. గండ్లు పడి, ఎర్రగా. అప్పటికే జనం అక్కడ గుమిగూడుతున్నారు. వాళ్లకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలా అనుకుంటూ, బండివాణ్ణి జర మెల్లగా తోలమన్నాను.