పొగవాసనకు పెట్టిన వంక

నాలుగు సీసాల బరువు ఎంతుంటుంది? మొఘల్‌పురా నుంచి మా దుకాణం దాకా ఆ పెట్టెను చంకలో పెట్టుకుని నడిచి వచ్చినవాణ్ణి, పెద్దగా ఏమీ ఉండదని చెప్పగలను. కానీ ఆ రోజు ఎత్తుకున్నదాన్ని ఇప్పటికీ దించలేకపోతున్నాను. ఇన్నేళ్లలో ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెబుతున్నాను.

మాది పాత సామాన్ల దుకాణం. గడియారాలు, లాంతర్లు, చీనీ పళ్లేలు. మా బజారులో ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడు సరుకును మెచ్చుకోవాలి, కొనేవాడు వంక పెట్టాలి. ఎంత మంచి గడియారమైనా సరే, చేతిలోకి తీసుకుని ఇది నడుస్తుందా, నడిచినట్టు నటిస్తుందా అని అడగాలి. అమ్మేవాడు నొచ్చుకోడు. అతనూ ఏదో అంటాడు, చివరికి ఇద్దరం కలిసి చాయ్ తాగుతాం. నాకు నడక కంటే ముందు వంకలు పెట్టడం వచ్చిందని మా నాయన గొప్పగా చెప్పుకునేవాడు.

నర్సింగరావు అన్న రైల్వేలో ఫోర్‌మన్. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చునేవాడు. ఆయన పైఅధికారి, ఒక స్కాట్లండు దొర, స్వదేశానికి వెళ్లిపోతూ ఆరు విస్కీ సీసాలున్న చెక్కపెట్టె ఆయనకిచ్చి పోయాడు. ఒకసారి అన్న నాకూ రుచి చూపించాడు. పొగ, ఉప్పు, పైన టించర్ అయోడిన్ వాసన. నేను ముఖం వికారంగా పెడితే పడీ పడీ నవ్వాడు. తర్వాత దొర తనకు చెప్పిందంతా నాకు చెప్పాడు. ఆ సారా బట్టీ ఒక దీవిలో ఉందట. అక్కడ చెట్లు తక్కువ. బురదనేలను ఇటుకల్లా కోసి, మనం పిడకలు ఎండబెట్టినట్టు ఎండబెట్టి మంటలో వేస్తారట. దాన్ని పీట్ అంటారు. మొలకెత్తిన బార్లీని ఆ పొగ మీద ఆరబెడితే, పొగ గింజలోకి దిగి, గింజ నుంచి సారాలోకి దిగి, సముద్రం గోడను కొట్టే గోదాములో ఏళ్ల తరబడి పీపాల్లో పడున్నా పోదట. ఆ వాసనే దాని ఘనత అన్నాడు.

అంటే ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. పూర్తిగా తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఓడల మీద సరుకు రావడం తగ్గి, అలాంటి సీసా బజారులో కనబడటమే మానేసింది. ఆ రోజుల్లోనే నర్సింగరావు అన్న టైఫాయిడ్‌తో పోయాడు. నెల దాటాక మొఘల్‌పురాలోని ఇంటి నుంచి ఆయన భార్య అంజమ్మ కబురు పంపింది. పిల్లలు లేరు. ఇల్లు ఖాళీ చేసి చాంద్రాయణగుట్టలో తమ్ముడి దగ్గరికి పోతుందట. ఆ సీసాల విలువ తెలిసినవాడివి నువ్వేనని మీ అన్న అనేవాడని చెప్పింది. మూడు సీలు తీయనివి, ఒకటి సగం.

వాళ్లింట్లో పెట్టె ముందు కూర్చోగానే నా నోరు దాని పని అది మొదలుపెట్టింది. సగం సీసా మూత తీసి, వాసన చూసి, ముక్కు మూసుకున్నాను.

"గిది ఖరాబైంది వదినె. దవాఖాన వాసన కొడుతుంది చూడు. లోపట కుళ్లింది. గిది తాగినోని పేగులు ఉంటయా?"

ఆమె కాదనాలి, మంచిదేనని వాదించాలి, అప్పుడు నేను కొంచెం ధర పెంచాలి. అదీ ఆట. కానీ ఆమె దుకాణాల మధ్య పెరిగిన మనిషి కాదు. ఆట అని తెలియదు.

"తమ్మీ, మీ అన్నకు జరమొచ్చినప్పుడు గిదే ఇచ్చిన. ఒక్క చెంచెడు, వేన్నీళ్లల్ల కలిపి. అడిగిండని నా చేతులతోనే తాపిన. గందుకేనా పోయిండు?"

లేదు వదినె, బేరం కోసం గట్లన్న. ఇంతే అనాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. ఆ మాట అంటే పెట్టె చేజారుతుందని నాకు తోచిన క్షణం ఇప్పటికీ కళ్ల ముందుంది. కంగారులో నోరు జారిందని చెప్పుకునే వీలు కూడా లేదు, ఎందుకంటే నేను కంగారు పడలేదు. ఆలోచించి మరీ జవాబిచ్చాను.

"నాకేం తెలుస్తది వదినె. నేనేమన్న డాక్టర్నా?"

"తీస్కపో," అంది. "పైసలొద్దు. ఇంట్ల ఉండొద్దది."

ఎంతో కొంత డబ్బు గూట్లో పెట్టి వచ్చాను. ఆ రోజు దాన్నే నా మంచితనం అనుకున్నాను, చూడండి. ఆ వారమే ఒక జాగీర్దారు మున్షీకి ఆ సీసాలు అమ్ముతూ దీవి, పీట్, సముద్రం అన్నీ, నర్సింగరావు అన్న చెప్పిందంతా ఒక్క ముక్క వదలకుండా అప్పజెప్పాను. ఆమె దగ్గర కుళ్లిన వాసన మున్షీ దగ్గరికొచ్చేసరికి గొప్ప వాసన అయింది.

కొన్ని నెలలకు ఆమె తమ్ముడు దుకాణానికి వచ్చాడు. అక్క ఎవరికీ ఏదీ తన చేత్తో ఇవ్వడం లేదట. వండుతుందట, వడ్డించదట. మేనకోడలికి జ్వరమొస్తే మందు గ్లాసు దూరంగా పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుందట. ఏమైందో అర్థం కావడం లేదన్నాడు. నేను తల ఊపాను. జాలిగా.

ఒకసారి చెప్పేద్దామనే వెళ్లాను. దాహమంటే కుండ చూపించింది. ముంచుకుని తాగాను. చెప్పాల్సింది వదిలేసి గోడ గడియారం అమ్ముతావా అని అడిగాను. అడిగి ఊరుకోలేదు, ముల్లు వంగిందని వంక కూడా పెట్టాను. నవ్వుకోండి. నేనూ నవ్వుకోవాలని చూశాను.

మొదటిసారి లాభం కోసం మాట మింగాను, సరే. చెప్పడానికని వెళ్లిన రోజు దేనికోసం? సీసాలు ఎప్పుడో ఖాళీ అయ్యుంటాయి, చెబితే నా చేతిలోంచి పోయేదేమీ లేదు. మరి తమ్మీ అని పిలిచే ఆ ఒక్క మనిషి కళ్లలో నేనేమిటో కనబడుతుందనా? ఆమె ప్రాణం కుదుటపడటం కంటే నా పరువు నాకు ఎక్కువైందా? అయింది. వేరే జవాబు ఎంత వెతికినా దొరకలేదు.

అంజమ్మ పోయింది. చివరిదాకా అలాగే ఉందట. ఇప్పుడు రాస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ దగ్గర దొరికే సరుకు కాదు. ఆమెతో అనాల్సిన మాట ఒక్కసారైనా నాలోంచి బయటికి రావాలి, ఊపిరి ఆడటానికి.

ఆ విస్కీల ఏం ఖరాబు లేదు వదినె. నీ చేతులల్ల ఏం ఖరాబు లేదు. అబద్ధం ఆడింది నేను.