చిన్నాన్న వెనక తంగేడు

ఆ వయసులో, అంటే ఇరవై రెండేళ్లప్పుడు, ఏదో ఒక సిద్ధాంతం లేకపోతే నాకు అన్నం సహించేది కాదు. ఊరంతా కొత్తగా టచ్ ఫోన్లు కొనుక్కుని మురిసిపోతున్న రోజుల్లో నేను విశాఖపట్నంలో బొమ్మల కోర్సు ముగించి, ఉద్యోగం సద్యోగం లేకుండా పొందూరు దగ్గర మా ఊరికి తిరిగొచ్చాను. నా సిద్ధాంతం ఏమిటంటే, గులాబీలూ తామరలూ గీయడం పాపం. ఎవరూ చెంబెడు నీళ్లు పోయకపోయినా గట్ల మీద బతికేసే తంగేడు, పల్లేరు, జిల్లేడు, ఉత్తరేణి, వీటినే గీయాలి. అదీ జనం పారేసిన వాటి మీదే గీయాలి. (కాన్వాసు కొనే స్తోమత లేదన్న సంగతి సిద్ధాంతంలో చెప్పేవాణ్ణి కాదు.) సిమెంటు సంచులు, అట్టపెట్టెలు, పాత శుభలేఖలు, అన్నిటి మీదా మొక్కలే. రంగులు కూడా ఇళ్లకు రంగులేసేవాళ్లు వదిలేసిన డబ్బాల అడుగులే. మా నాన్న గట్టు మీద పీకేసిన పల్లేరు తీగను నేను తెచ్చి గుమ్మంలో పెట్టుకుని గీస్తుంటే, "పీకి పారేసిందాన్ని మళ్లీ మోసుకొచ్చినావేట్రా! నీకేటైనా గాలి తగిల్నాదా?" అనేవాడు. ఊళ్లో నా పేరు పిచ్చిమొక్కల మేష్టారు అయిపోయింది. అది నాకు బిరుదులా వినబడేది.

మా చిన్నాన్న అంతకు ముందు ఏడాదే కిడ్నీ జబ్బుతో పోయాడు. నలభై దాటలేదు, పిల్లల్లేరు. పెద్దకర్మ నాడు అందరికీ కట్టినట్టే ఆయనకూ రోడ్డు మలుపులో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు, పైన 'కన్నీటి నివాళి' అనీ కింద బంధువులందరి పేర్లూ వేసి. (నా పేరు చిన్న అక్షరాల్లో పడిందని ఆ ఏడుపులో కూడా అలిగాను.) ఎవరి పెళ్లిలోనో ఫోన్‌తో తీసిన గుంపు ఫొటోలోంచి ఆయన్ని వేరుచేసి అచ్చువేయించారు. తరవాత ఆ ఫోను కాస్తా ఆటోలో పోయింది. ఇంకో ఫొటో అంటూ ఉన్నది ఆధార్ కార్డులోది, దాన్ని చూస్తే చిన్నాన్నే తనని తాను గుర్తుపట్టి ఉండేవాడు కాదు. ఫ్లెక్సీ దింపాక పిన్ని దాన్ని తన పశువుల పాక మీద కప్పుకుంది, బొమ్మ లోపలికి, తెల్లటి వెనకవైపు ఆకాశానికి పెట్టి. మా ఊళ్లో సగం పాకలకు పాత ఫ్లెక్సీలే కప్పు కాబట్టి నాకందులో విశేషమేమీ కనబడలేదు. రోజూ పాలు పితుకుతూ ఆమె తల ఎత్తి ఆయనతో మాట్లాడుకుంటుందని నాకు తెలియదు.

శ్రీకాకుళంలో ఒక హాల్లో కొత్తవాళ్ల బొమ్మలు ప్రదర్శనకు పెడుతున్నారని తెలిసింది. బొమ్మలు పెద్దవిగా ఉండాలన్నారు. సరిగ్గా అప్పుడే పిన్ని ఆవును మాకు అప్పగించి, కొత్తవలస దగ్గర తన కన్నవారింటికి పది రోజులకని వెళ్లింది. మేత వేయడానికి వెళ్లిన నాకు పాక మీద ఆ తెల్లదనం కనబడి నోరూరింది. దింపి తిరగేశాను. చిన్నాన్న మొహం చూశాను, చూడలేదని అబద్ధమాడను. 'పాపం, పేడ వాసనలో పడున్నాడు, కళగా మార్చేద్దాం' అనుకున్నాను. నా గొప్పతనానికి నాకే కళ్లు చెమర్చాయి. అడ్డంగా మూడు ముక్కలు కోశాను. ఒకచోట కత్తెర వంకరపోతే, అంచు సరిచేయడానికి నాలుగు వేళ్ల వెడల్పు పేలిక తీసేసి, దాని మీద రంగులు సరిచూసుకుని పెంటలో పారేశాను. మూడు ముక్కల వెనకా తంగేడు, జిల్లేడు, ఉత్తరేణి వేశాను. నిజం చెప్పాలంటే అంత మంచి తంగేడు మళ్లీ నా చేత పడలేదు.

ప్రదర్శన రెండో రోజు, ఒక లెక్చరర్ గారికి నేను కరువునీ కళనీ కలిపి ఉపన్యాసం దంచుతుండగా పిన్ని లోపలికొచ్చింది. ఊరినుంచి దిగగానే బోసిపోయిన పాక చూసి, మా నాన్నను అడిగి, కాళ్లయినా కడుక్కోకుండా బస్సెక్కేసిందట.

"నా మనిసేడ్రా?" అంది.

హాలంతా మావైపు తిరిగింది. "పిన్నీ, ఇటు చూడు, తంగేడు ఎంత..." అన్నాను.

"తంగేడు మన గట్టు మీద నేదేటి? నా మనిసేడి, సెప్పు!"

నా జవాబు కోసం ఆగలేదు. గోడకున్న బొమ్మల్ని ఒక్కొక్కటే పట్టుకుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. నావే కాదు, పక్కవాళ్లవి కూడా. ఎవరిదో సముద్రం గోడకేసి తిరిగింది, ఎవరివో రాధాకృష్ణులు వీపు చూపించారు. లెక్చరర్ గారు నా చెవిలో, "ముందూ వెనకా రెండూ చూపించడం! ఐడియా అదిరిందండీ" అన్నారు. (థాంక్స్ అన్నాను కూడా. అదీ నా బతుకు.) "ఇదుగో సొక్కా... ఇదుగో సెయ్యి..." అని గొణుక్కుంటూ తంగేడు తిప్పి, "ఇదుగో కళ్లు" అంటూ నేల మీద కూలబడిపోయింది. మూడు ముక్కల్నీ కిందకి దించి పేర్చుకుంది. పై ముక్క ముక్కు దగ్గర ఆగిపోయింది. రెండోది గడ్డం కింద మొదలైంది.

"మూతేదిరా?" అంది.

చెప్పాను. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. రెండు దెబ్బలు వేసుంటే ఎంత బాగుండేదో! బస్సులో ఊరొచ్చేదాకా ఆ మూడు ముక్కల్నీ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు పెంట తవ్వబోతే, దాన్ని అప్పటికే బండికెత్తి పొలాలకు తోలేశారు. మూడు పొలాల్లో ఎరువు కెలికాను. మేష్టారు కొత్త మొక్కలు వెతుక్కుంటున్నారని జనం అనుకున్నారు. ఫ్లెక్సీ షాపుకి పరిగెత్తితే, "ఏడాది నాటి ఫైలు ఇంకా ఉంటాదేటి బాబూ! రోజుకొకలు పోతన్నారు" అన్నాడు. తిరిగొచ్చేసరికి పిన్ని ముక్కలన్నీ దబ్బనంతో కుట్టేసింది. పోయిన చోట తెల్లటి అతుకు వేసి నా ముందు పరిచింది.

"ఇన్ని మొక్కలు గీసినావు గదా. మీ సిన్నాన్న మూతి గియ్యలేవేట్రా?"

గీశాను. చూసి, "ఇలాగ నవ్వీవోడు కాదు" అంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్లీ గీశాను. "అది మీ నాన్న మూతి" అంది. మళ్లీ తుడిచాను. "సిన్నప్పుడు ఆయన బుజాల మీదే గదా తిరిగినావు. గురుతు నేదేటి?" అని ఎంతో మెల్లగా అడిగింది. మళ్లీ కుంచె రంగులో ముంచాను. నన్ను సంతకి ఎత్తుకెళ్లినవాడు, నాకు మొదటి రంగుల పెట్టె కొనిచ్చినవాడు, ఏడాది కిందటి దాకా పక్కింట్లో తిరిగినవాడు. ఆయన నోరెలా ఉండేదో నాకు తెలియలేదు. ఉత్తరేణి ముందు మూడేసి గంటలు గొంతుక్కూర్చున్న నేను ఆయన్ని ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. పిన్ని నా మణికట్టు పట్టుకుంది.

"వొదిలీరా. ఖాళీగానే ఉంచీ. నాకు గురుతున్నాది గదా, నానే నింపుకుంటాను."

ఆ ఫ్లెక్సీ రెండు ఎండాకాలాలకే పెళుసెక్కి తునకలైపోయింది. ఇప్పుడు నేను ఓ బడిలో డ్రాయింగు మేష్టారిని, సిద్ధాంతాలేమీ లేవు, అన్నం బాగానే సహిస్తోంది. ఊరెళ్తే ఎవరు ఎదురుగా కూర్చున్నా వాళ్ల మొహం గీస్తాను. మా నాన్న నా పుస్తకం చూడగానే, "నా ఫ్లెక్సీకి ఇప్పట్నుంచే రెడీ సేస్తన్నావేట్రా!" అని తువ్వాలు కప్పుకుంటాడు. పిన్ని మాత్రం కదలకుండా కూర్చుంటుంది. ఆమె నోరు నాకు కళ్లు మూసుకున్నా వస్తుంది. చిన్నాన్నది ఈనాటికీ రాదు.