సోయా సీసా చేతులు మారిన ఏడు

లానై దీవిలో అనాసతోటలు నడిచిన రోజుల్లో క్రిస్పులో దుమ్లావో పేరు తెలియని ఇల్లు లేదు. తెలియకుండా ఆయన ఉండనిచ్చేవాడు కాదు. ఇలోకోస్‌లోని సొంతూరి బడిలో నాలుగు పద్యాలు, కూడికలు నేర్చుకుని పడవెక్కి సముద్రం దాటినవాడు, ఇక్కడ కోత ముఠాకి మేస్త్రీ అయ్యాడు. ఎండాకాలం కోతల్లో ఆయన ముఠాని మించిన ముఠా లేదు. కోడిపందేల్లో ఆయన ఎర్రపుంజు ఓడి ఎరగదు. ఊరి సంఘానికి రెండుసార్లు పెద్ద. ఒక్క తోటాతో రెండు ఫెసెంట్ అడవిపుంజుల్ని నేల కూల్చాడు, చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఇవన్నీ ఎదుటివాడు అడిగినా అడక్కపోయినా ఒకే వరసలో, ఒకే గొంతులో చెప్పేవాడు.

అన్నిటికన్నా పెద్ద గొప్ప ఒకటుంది. నవంబరులో పిట్టల వేట మొదలయ్యే శనివారానికి పథకం వేసేది ఆయనే. మరదలు కొన్సొలా ఇంటి కారుషెడ్డులో, నూనెగుడ్డ పరిచిన బల్ల మీద, ముందుగా సోయా సీసాని పెడతాడు. అదే కొండ. చెంచాలు ఎండువాగులు. ఉప్పుగిన్నె ఎటు ఉంటే గాలి అటునుంచి వస్తున్నట్టు. ఒక్కో మనిషికి ఒక్కో పచ్చిమిరపకాయ. సీసా ఎవరు పెడితే ఆ ఏటి పెత్తనం వాళ్ళది. ఆ బల్ల దగ్గర వేట అన్న మాట మాత్రం ఎవరూ నోట అనరు. అంటే పిట్టలు వింటాయి. 'అలా తిరిగొద్దాం' అంటారు, అంతే.

వేట అయిన సాయంత్రం మొదటి పుంజుని పచ్చిబొప్పాయి, మునగాకు, అల్లం వేసి వండుతారు. ఎవరూ ముద్ద ముట్టకముందే ఒక పళ్ళెం, ఒక గ్లాసు సారా విడిగా పెట్టి, పోయినవాళ్ళని పేరు పేరునా పిలుస్తారు. పెద్దలు దిగొచ్చే రోజులవి. పథకం వేసినవాడే పేర్లు పిలవాలి.

నిరుడు క్రిస్పులో అటువైపు వెళ్ళలేదు. భార్య ఉర్సులా ఆ వేసవిలోనే పోయింది. ఏడాది నిండేదాకా నల్లగుడ్డ తీయకూడదు, తుపాకీ ముట్టకూడదు. ఈ ఒక్క ఏడు నువ్వు చూడరా అని లియోన్సియోకి తానే కబురంపాడు. ఆ పూట సంచులు నిండాయట. సంచుల సంగతి ఆయనకి పట్టలేదు. అక్క మొగుణ్ణి మనోంగ్, అంటే పెద్దన్న, అని పిలిచే కొన్సొలా ఆ రాత్రి కూర పట్టుకొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ ఒక మాట అంది.

"లియోన్ అక్క పేరు ఎంత బాగా పిలిచాడో మనోంగ్. అందరం ఏడ్చేశాం."

ఆ కూర ఆయన తినలేదు.

లియోన్సియో అంటే ఎవరు? కుర్రతనంలో ఉర్సులా కిటికీ కింద గిటారు వాయించినవాడు. ఆమె కాదంటే పెళ్ళే మానుకున్నవాడు. ఆమె ముసలిదయ్యేదాకా ఆదివారం చర్చి మెట్ల దగ్గర టోపీ తీసి తలవంచినవాడు. క్రిస్పులో అదంతా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, ఎందుకంటే గెలిచింది తాను. బతికుండగా గెలిచాను గదా, పోయాక ఆమెని పిలిచే నోరు వాడిదా? భర్తగా తాను ఆ పళ్ళెం ముందు ఒక్కసారి కూడా పిలవని పేరు వాడు ముందే పిలిచేశాడు. ఆ ముల్లు ఏడాదంతా గొంతులోనే ఉంది, మింగలేడు, కక్కలేడు.

ఈ ఏడు నల్లగుడ్డ తీసేశాడు. తుపాకీకి నూనె పెట్టాడు. బుధవారం సాయంత్రం అందరికన్నా ముందు షెడ్డుకి చేరి బల్ల కొసన కూర్చున్నాడు. సీసాని తన ముందుకి నెడతారని చూస్తున్నాడు. మసావో వచ్చాడు, తోటల లారీ నడిపి నడిపి నడుం వంగినవాడు. ఇంకో ఇద్దరు పాత ముఠావాళ్ళు వచ్చారు. చివర లియోన్సియో, వెంట హొనొలులు నుంచి మేనకోడలు పంపిన వేటకుక్క. దాని పేరు పింతాస్, అంటే అందగత్తె. అందరూ కుక్క చెవులు నిమరడంలో పడ్డారు. ఆ సందట్లో లియోన్సియో చెయ్యి చాపి సోయా సీసా తీసుకుని బల్ల మధ్యన పెట్టాడు.

నిరుడు పెట్టినవాడే ఈ ఏడూ పెట్టాడు, అందులో వింతేముందన్నట్టు మిగతావాళ్ళు చెంచాలు అందించారు. క్రిస్పులోకి మాత్రం ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

లియోన్సియో ఎర్రమట్టి వాగు ఎంచుకున్నాడు. కింద నుంచి వరసగా నడుస్తూ, ముందు కుక్కని వదిలి, పిట్టల్ని పైకి తోలడం. ఫెసెంట్ తొందరపడి ఎగరదు, గడ్డిలో పరుగు తీస్తుంది. వాగు తలలో లంటానా కంప అయిపోయే చోట ఇక పరిగెత్తే దారి లేక లేస్తుంది. క్రిస్పులో తల పంకిస్తూ విన్నాడు. తప్పు దొరకలేదు. తాను వేసినా అదే వేసేవాడు. తన పథకాన్నే దొంగిలించి తన ముందే వడ్డిస్తున్నాడు. ఏ మిరపకాయ ఎక్కడన్నది మాత్రం లియోన్సియో చెప్పలేదు. అది శనివారం పొద్దున చెబుతానన్నాడు. నన్ను అడుగున, లారీ దగ్గర కాపలా ఉంచుతాడు కాబోలు అనుకున్నాడు క్రిస్పులో.

"ఏం పులో, నోట్లో అనాసపండు పెట్టుకున్నావా? మాటే లేదు" అని మసావో నవ్వాడు.

"కుక్క మాట్లాడుతోందిగా, విననీ" అన్నాడు క్రిస్పులో.

శుక్రవారం మధ్యాహ్నం మునగాకు కోసుకొస్తానని కొన్సొలాతో చెప్పి బయల్దేరాడు. భుజాన సంచి, చేతిలో కర్ర, సంచిలో ఎండుచేప పెట్టుకున్న రేకుడబ్బా. ఎర్రమట్టి వాగు మొదట్లో కూర్చుని చేప తిన్నాడు. తర్వాత డబ్బాలో గుప్పెడు గులకరాళ్ళు పోసి మూత బిగించాడు. ఆ డబ్బా మోత ఆయన విద్యే. తుపాకులు తక్కువైన పాత రోజుల్లో పిట్టల్ని ఇలా తోలాలని ముఠాకి నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆ విద్యని ఒక్కడే వాగు పొడుగునా వాడాడు. గడ్డి కదిలింది. కౌజులు తిట్టుకుంటూ లేచాయి. పొడుగుతోక పుంజులు, మెడన తెల్లపట్టీ మెరుస్తూ, ఒకదాని వెనక ఒకటి గట్టు దాటి అవతలి పాడుబడ్డ అనాసతోటలో దిగాయి. ఒకసారి బెదిరిన పిట్ట ఆ రాత్రికి ఆ చోట పడుకోదు.

చూడ్డానికి ఎంత బాగుందో. ఏడాది తర్వాత ఆయన మొదటిసారి నవ్వాడు. సగం దారిలో మోకాలు పట్టేస్తే రాయి మీద కూలబడి, పట్టు సడలాక కర్ర ఊతంతో లేచి, మిగతా సగం చేతులు చరుస్తూ తోలాడు. డబ్బా రాతి పక్కనే ఉండిపోయింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. రేకుడబ్బాదేముంది, తుప్పు పట్టి పోతుందనుకున్నాడు. మునగాకు మర్చిపోయినందుకు మాత్రం కొన్సొలా చేత చీవాట్లు తిన్నాడు.

శనివారం తెల్లవారుతుండగా కంచె తలుపు దగ్గర చేరారు. పైన్ చెట్ల మీద మంచు ఇంకా కారుతోంది. లియోన్సియో ఒక్కొక్కరికీ చోటు చెప్పాడు. మసావో ఎడమ అంచున, మిగతా ఇద్దరు నడిమిన, కుక్కతో తాను.

"మనోంగ్ పులో, మీరు పైకెళ్ళండి. వాగు తలలో, కంప అయిపోయే చోట."

అది మొదటి తుపాకీ పేలే చోటు. ఎప్పుడూ పథకం వేసినవాడు తనకే ఉంచుకునే చోటు.

"నాకెందుకు? నీది గదా అది" అన్నాడు క్రిస్పులో.

"ఈ ఏడు నుంచి మొదటి పిట్ట కొట్టినవాళ్ళే పేర్లు పిలవాలని పెడుతున్నాను. మనాంగ్ ఉర్సులా మీ గొంతు విని చాలా రోజులైంది. నిరుడు నేను పిలిచాను గానీ, నా పిలుపుకి ఆవిడ వచ్చిందో లేదో ఏమో."

ఇది చెప్పి అతను కుక్క పట్టీ సర్దుకోవడంలో మునిగిపోయాడు. క్రిస్పులో గట్టెక్కుతున్నంతసేపూ ఆ మాటలు వెనకాలే ఎక్కాయి. మనాంగ్ అట! గిటారు వాయించిన రోజుల్లో అక్కయ్య అని పాడాడా? ఇస్తే తీసుకోవాలి, తీసుకుంటే వాడు ఇచ్చినట్టు. సరే, ఇచ్చిందేమిటి? ఖాళీ వాగు. తన చేత్తో తానే ఊడ్చేసిన వాగు.

కంప కొసన తుపాకీ ఎత్తి నిలబడ్డాడు. కింద మనుషుల అరుపులు, కుక్క మెడగంట. గడ్డి కదల్లేదు. వరస సగం దూరం వచ్చింది. ఒక్క కౌజు అయినా కూయలేదు. మసావో అంచు మీద నుంచి అరిచాడు, లియోన్, నీ అందగత్తెని చూసి పిట్టలు సిగ్గుపడి దాక్కున్నాయిరా అని. రెండో మనిషి, పథకం వేసేవాడికి చెయ్యి ఉండాలి, కుక్క ఉంటే చాలదన్నాడు. పై నుంచి ఆ మాటలు వింటుంటే క్రిస్పులో చెవుల్లో తేనె పోసినట్టుంది. ఆ తేనె అంతలోనే చేదెక్కింది. సాయంత్రం పళ్ళెం పెట్టేవేళకి పుంజు ఉండదు. పుంజు లేకపోతే ఏ పేరూ పిలవరు. ఉర్సులా వచ్చి, నిలబడి, వెళ్ళిపోతుంది.

అప్పుడే పింతాస్ తోక బిగించి రాతి వెనక దూరింది. అందరూ తుపాకులెత్తారు. కుక్క రేకుడబ్బా నోట కరుచుకుని గలగలలాడిస్తూ వచ్చి యజమాని కాళ్ళ ముందు పెట్టింది.

"పిట్టలకి కాదురా, దీన్ని చేపలకి తీసుకుపో" అని మసావో కడుపు పట్టుకుని నవ్వాడు.

లియోన్సియో డబ్బా తీసుకుని వాసన చూశాడు. ఒకసారి ఆడించి చూశాడు. తల ఎత్తి వాగు తల వైపు చూశాడు. క్రిస్పులో చూపు తిప్పుకోలేకపోయాడు. మిగతావాళ్ళు దగ్గరికి రాకముందే లియోన్సియో రాళ్ళని గడ్డిలోకి ఒంపేసి, ఎవరో పిల్లలు పారేశారని డబ్బాని జేబులో కుక్కుకున్నాడు. వాళ్ళని అక్కడే ఆగమని ఒక్కడే పైకెక్కొచ్చాడు.

"మనోంగ్, పిట్టలు ఎటు పోయాయి?"

ఎందుకు చేశావని అడిగితే జవాబు సిద్ధంగా ఉంది. అతను అది అడగలేదు.

"గట్టు అవతలికి. పాత తోటలో దిగాయి" అన్నాడు క్రిస్పులో.

"ఆ పక్క నాకు బొత్తిగా తెలీదు. మీరు నడిపించండి."

ఆ తోటలో ఆరేడు కోతలు కోసిన మనిషి ఆ మాటంటున్నాడు. అబద్ధం కూడా తనకన్నా మర్యాదగా ఆడగలడే అని క్రిస్పులోకి ఇంకో మంట. అయినా నడిపించాడు. గాలి పక్కవాటున ఉంచి, మసావోని కంచె మూలన ఆపి, కుక్కని ఎండిన అనాసమొక్కల వరసల వెంట వదిలించాడు. చేతులు వాటంతటవే పని చేశాయి. కుక్క గడ్డకట్టినట్టు ఆగింది. పుంజు ఆయన కాళ్ళ ముందు నుంచే లేచింది, రాగిరంగు ఒళ్ళు ఎండలో కాలుతున్నట్టు. ఆయన పేల్చాడు. పుంజు ఎగురుతూనే ఉంది. వెనక నుంచి ఇంకో తుపాకీ మోగింది. పుంజు మడిచిన గొడుగులా పడింది.

"మనోంగ్ తగిలించారు" అని లియోన్సియో గట్టిగా కేకేశాడు. "నాది గాల్లోకి పోయింది."

మసావో టోపీ ఊపాడు. మిగతావాళ్ళు, ఇంకా చెయ్యి పోలేదు మేస్త్రీకి, అన్నారు. క్రిస్పులో నోరు తెరిచాడు. కాదు అంటే ఉర్సులాని లియోన్సియో పిలుస్తాడు. అవును అంటే తన జన్మలో మొదటిసారి తనది కాని గొప్ప తనదవుతుంది. పింతాస్ పుంజుని నోట పట్టుకుని ఇద్దరి మధ్యా ఆగి, ఎవరికివ్వాలా అని చూసింది. యజమాని చూపుడు వేలు క్రిస్పులో వైపు తిరిగింది. ఆయన వంగి పుంజుని అందుకుని సంచిలో వేసుకున్నాడు.

సాయంత్రం మునగాకు కొన్సొలాయే కోసింది. షెడ్డులో పళ్ళెం పెట్టారు, సారా పోశారు. క్రిస్పులో లేచి నిలబడి పేర్లు పిలిచాడు. ముఠాలో పోయినవాళ్ళని, సముద్రం అవతల పోయినవాళ్ళని, చివరికి ఆమెని.

"ఉర్సులా, రా, తిను. వేడిగా ఉంది. నేనే పిలుస్తున్నా."

గొంతు వణకలేదని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. వణికే తీరిక ఆయనకి లేదు. ఆ పేరు తన నోట వస్తున్నప్పుడు బల్ల అవతల లియోన్సియో పెదాలు కూడా చప్పుడు లేకుండా కదిలాయి. కొన్సొలా చూడలేదు, మసావో చూడలేదు. క్రిస్పులో చూశాడు.

భోజనాలయ్యాక బల్ల తుడుస్తున్న కొన్సొలా చేతిలోంచి సోయా సీసా తీసుకుని తన ముందు పెట్టుకున్నాడు. అందరూ వెళ్ళేదాకా దాని మెడ వదల్లేదు. వచ్చే ఏడాదికి అప్పుడే వాగులు గీస్తున్నావా అని మసావో ఎగతాళి చేశాడు. లియోన్సియో గుమ్మం దగ్గర టోపీ తీసి, వస్తాను మనోంగ్ అని తల వంచి వెళ్ళాడు. అతని జేబులో డబ్బా కుర్చీకి తగిలి చిన్నగా చప్పుడైంది.

తర్వాత చాలా ఏళ్ళు క్రిస్పులో పథకాలు వేశాడు. ఎర్రపుంజు సంగతి, రెండుసార్లు సంఘం పెద్దయిన సంగతి, ఒక్క తోటాకి రెండు పుంజుల సంగతి అడగనివాళ్ళకి కూడా చెప్పాడు. మసావో ఎప్పుడైనా, పాడుతోటలో నువ్వు కొట్టిన ఆ పుంజు సంగతి కూడా చెప్పు పులో అంటే మాత్రం, కూరలో ఉప్పు ఎక్కువైందని కొన్సొలాని కేకేసేవాడు.