ఆరు గంటలకు చేరాల్సిన ఓడలు

ధవళేశ్వరంలో లాంచీల షెడ్డు మూతపడేనాటికి అబ్రహాముకు యాభై ఆరేళ్ళు. అందులో ముప్పై రెండేళ్ళు అక్కడే ఫిట్టరు. ఏ లాంచీ ఇంజను విప్పినా ఆయన చెయ్యి పడాల్సిందే. బాగుచేసిన లాంచీని మాత్రం వెంటనే ఇచ్చేవాడు కాదు. దాని నిండా ఇసుక బస్తాలు వేయించి, ఎదురు నీటికి గంటసేపు తోలి, వెనక్కి తెచ్చాకే తాళం చేతికిచ్చేవాడు. డీజిలు దండగని యజమానులు సణిగితే, "బరువుతో నడిచేదాకా అది లాంచీ కాదండి, రేకు డబ్బా" అనేవాడు.

రోడ్లు వేశారు. బస్సులొచ్చాయి. లాంచీలు ఒక్కొక్కటే ఒడ్డున పడ్డాయి. షెడ్డు సిమెంటు గోడౌనైంది. ఆ తరవాత ఆయన్ని పనికోసం పిలిచినవాళ్ళు లేరు. ఎవరైనా ఎదురుపడి కుశలమడిగితే బాగానే ఉన్నానండి అని చెప్పి, వాళ్ళు ఇంకేమైనా అడుగుతారేమోనని ఒక క్షణం నిలబడేవాడు.

రెండువేల నాలుగు ఆగస్టులో ఆయన భార్య ఏసమ్మ పోయింది. పొద్దుటినించి సాయంత్రందాకా ఆయన ఖాళీ ఇంట్లో ఒక్కడే కూర్చుంటున్నాడని కూతురు సారిక భయపడింది. చర్చి వీధిలో ఆవిడకో నెట్ సెంటరుంది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. తండ్రిని రోజూ తనతో తీసుకొచ్చి మూలనున్న కంప్యూటరు ముందు కూర్చోబెట్టేది. నవంబరులో ఒకరోజు ఒక ఆట తెరిచి పెట్టింది.

"ఇందులో ఓడలు కడతారట నాన్నా. ఊరికే చూడు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"నీళ్ళేవే?"

"నీళ్ళుండవు. ఇది ఆకాశం."

"మరి ఓడంటారేం?"

ప్రింటు కోసం ఎవరో పిలిస్తే సారిక వెళ్ళింది. ఆయన మాత్రం ఆ కుర్చీలోంచి మధ్యాహ్నందాకా లేవలేదు.

ఆట పద్ధతి ఇదీ. ఒక్కో ఆటగాడికీ ఒక గ్రహం ఇస్తారు. దాని గనుల్లో ఇనుము తవ్వుకోవాలి. ఓడ మొండెం ఒకటి ఎంచుకుని, దానికి ఇంజను ఏది, తుపాకులు ఎన్ని, సరుకు గది ఎంత అన్నది ఎవరికి వాళ్ళే తేల్చుకుని బిగించుకోవాలి. తరవాత వాటిని గుంపుగా పంపి ఎదుటివాడి ఓడల మీద యుద్ధం చేయాలి, లేదా తన గ్రహాన్ని కాచుకోవాలి. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఒకేసారి ఆడతారు. కంప్యూటరు కట్టేసినా ఆట ఆగదు. మనం అన్నం తింటున్నా ఎవడి ఓడలో మన మీదికి వస్తూనే ఉంటాయి.

అందరూ మొండెం నిండా తుపాకులు బిగించేవారు. అబ్రహాము ఒక తుపాకి తగ్గించి ఆ చోట పెద్ద ఇంజను వేసేవాడు. ఎదురు నీరు ఎప్పుడొస్తుందో తెలియదు కదా అనేవాడు. ఆకాశంలో ఎదురు నీరేంటని సారిక నవ్వేది. కానీ ఓడిపోయిన యుద్ధంలోంచి కూడా ఆయన ఓడలు సగానికి పైగా ఇల్లు చేరేవి. ఆ సంగతి పోలండులో రొట్టెల వ్యాను తోలే మారెక్ అనే ఇరవై తొమ్మిదేళ్ళతను కనిపెట్టాడు. అతని జట్టులో పదకొండు మంది. తమ ఇనుమంతా పంపుతాం, ఓడలు మీరే కట్టిపెట్టండి అని రాశాడు. వాళ్ళకు ఆయన పేరు ఫిట్టర్. ఎన్నింటికి తయారవుతాయి ఫిట్టర్ అని ఎవరో ఒకరు రోజూ అడిగేవారు. ఆ మాట అడిగించుకుని ఆయనకు చాలా ఏళ్ళయింది.

మిషన్ బడిలో పదో తరగతిదాకా చదివిన ఇంగ్లీషు ఆయనది. ప్రతి జవాబూ రెస్పెక్టెడ్ సర్ అని మొదలయ్యేది. సర్ అనొద్దని మారెక్ రెండుసార్లు చెప్పి మానేశాడు. అబ్రహాము తను కట్టిన ఓడల్ని నిండా సరుకుతో దూరపు గ్రహానికి ఒకసారి పంపి, తిరిగొచ్చాకే జట్టుకిచ్చేవాడు. మొదట్లో వాళ్ళు వేళాకోళం చేశారు. జనవరిలో ఒక పెద్ద యుద్ధం అయ్యాక మానుకున్నారు.

షెడ్డులో ఆయనతో పనిచేసిన శాంతికుమార్ మాత్రం మానలేదు. చర్చిలో ఎప్పుడు కనబడినా, "ఏమండీ అబ్రహాముగారూ, చంద్రమండలానికి లాంచీ ఎన్నింటికండీ?" అనేవాడు.

ఆటకు ఒక గడియారముంది. అది జర్మనీలోని గడియారం. మన టైముకు నాలుగున్నర గంటలు వెనక. వాళ్ళ ఆరంటే మనకు పదిన్నర. ఆ లెక్క ఆయన సారిక పాత నోటుబుక్కు అట్టలోపల నీలం సిరాతో గీసిపెట్టుకున్నాడు. ఐదు నెలల్లో అది ఒక్కసారీ తప్పలేదు.

రెండువేల ఐదు మార్చి, ఈస్టరు ముందురోజు శనివారం. పొద్దున ఏసమ్మ సమాధికి తనే సున్నం వేసి వచ్చాడు. ఆమె పోయాక మొదటి ఈస్టరు. సాయంత్రం ఆరింటికి ఆట తెరిస్తే మారెక్ దగ్గర్నించి ఉత్తరముంది. శత్రువు ఓడలు బయల్దేరాయట. ఆదివారం సరిగ్గా ఆరు గంటలకు మారెక్ గ్రహం మీద పడతాయి. దగ్గర్లో పనికొచ్చే బలం ఫిట్టర్ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ముందుగా వస్తే శత్రువు చూసి వెనక్కి తిరిగి, ఇంకోరోజు వస్తాడు. అందుకని ఆరుకు అరనిమిషం ముందు చేరాలి. అప్పుడు వాడికి తిరిగే దారుండదు. ఆ గ్రహం మూడేళ్ళ కష్టం, అది పోతే నేనిక ఆడను, వస్తావా అని రాశాడు.

నా రెండు వందల పన్నెండు ఓడలూ వస్తాయి సర్ అని అబ్రహాము రాశాడు.

తరవాత లెక్క చూసుకున్నాడు. ఆరంటే మనకు పదిన్నర. ప్రయాణం నలభై నిమిషాలు. తొమ్మిదీ నలభై తొమ్మిదిన్నరకు పంపాలి. అలవాటు ప్రకారం మళ్ళీ సరిచూశాడు. గోడ గడియారం ఆరుంపావు. ఆటలో గడియారం ఒకటీ నలభై ఐదు. నాలుగున్నర గంటలు, తేడా లేదు.

ఇబ్బంది వేరే ఉంది. తెల్లవారుజామున ఐదింటికి సమాధుల తోటలో ఆరాధన, ఎనిమిదింటికి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆరాధన. అది పదిన్నర దాటితేగానీ అవదు. సారిక క్వయరులో పాడాలి కాబట్టి ఆమె కదలడానికి లేదు. కదిలినా ఆయన ఓడలు పంపే మీట ఇంకొకరి చేత నొక్కించేవాడు కాదు. వెనక బెంచీలో కూర్చుని తొమ్మిదీ ఇరవై ఐదుకు లేచి వస్తానన్నాడు. నెట్ సెంటరు మూడు నిమిషాల నడక.

"ప్రసంగం మధ్యలోనా నాన్నా? అయ్యగారు చూస్తారు."

"చూడనీవే. మాటిచ్చాను."

సమాధుల తోటలో గోదావరి గాలికి కొవ్వొత్తులు నిలవలేదు. అబ్రహాము అరచేతులు అడ్డం పెట్టి నాలుగోసారికి వెలిగించాడు. పాస్టరు అయ్యగారు ఖాళీ సమాధి దగ్గరికి స్త్రీలు వచ్చిన ఘట్టం చదువుతున్నారు. ఎనిమిది నెలలుగా ఈ ఉదయం గురించే అనుకున్నాడు, ఆమె దగ్గర నిలబడి ఏమేమి చెప్పుకోవాలో. ఇప్పుడు నిలబడితే మనసులో అంకెలే తిరుగుతున్నాయి. తొమ్మిదీ ఇరవై ఐదు, తొమ్మిదీ ముప్పై, తొమ్మిదీ నలభై తొమ్మిదిన్నర. తుపాకులన్నీ నింపానా? ఇంజన్లకు చమురు ఉందా? ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ఓడలు కనబడ్డాయి. సిగ్గేసి కళ్ళు తెరిచాడు. సమాధి మీది సున్నం పొడి చొక్కాకంటింది.

ఇంటికెళ్ళే దారిలో ఏడుంపావుకు నెట్ సెంటరు షట్టరు సగం లేపాడు. కరెంటు లేదు. ఎండాకాలం కోత, ఆరు నుంచి ఎనిమిది. యూపీఎస్ ఎప్పుడో చచ్చిపోయింది. తొమ్మిదిన్నరకు ఉంటుంది కదా అనుకుని షట్టరు దించాడు. ఆ ఒక్కసారి తెర వెలిగి ఉంటే గడియారం చూసేవాడు.

చర్చిలో వెనక బెంచీ దొరికింది. పక్కనే శాంతికుమార్. పాటలయ్యాయి, పఠనాలయ్యాయి. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. అబ్రహాము మణికట్టు మోకాలి మీద తిప్పి పెట్టుకున్నాడు. పది నిమిషాల్లో ఎన్నిసార్లు చూశాడో, శాంతికుమార్ చెవి దగ్గరికొచ్చి, "లాంచీకి టైమైందా ఏంటండీ?" అన్నాడు. అబ్రహాము నవ్వలేదు. తొమ్మిదీ ఇరవై ఐదుకు లేచేసరికి శాంతికుమార్ మోకాళ్ళు అడ్డం పెట్టి, ఒంట్లో బాలేదా, తోడు రమ్మంటారా అని అడగడం మొదలుపెట్టాడు. వదిలించుకుని బయటపడేసరికి మూడు నిమిషాలు పోయాయి. ఎండలో చెప్పులు సరిగా తొడుక్కోకుండానే నడిచాడు.

కరెంటుంది. కంప్యూటరు తెరుచుకోవడానికి తీసుకున్న సమయం ఆయనకు ఆరాధనకంటే పొడుగనిపించింది. తొమ్మిదీ ముప్పై మూడుకు ఆట కనబడింది. పైన గడియారం ఆరూ మూడు నిమిషాలని చూపిస్తోంది.

ఐదూ మూడు ఉండాలి. కంప్యూటరు పాడైందనుకుని తిరిగి తెరిచాడు. ఆరూ ఐదు. కింద ఎర్ర అక్షరాల్లో మారెక్ ఉత్తరాలు వరసగా ఉన్నాయి. ఎక్కడున్నావు ఫిట్టర్. బయల్దేరావా. ఇంక రెండు నిమిషాలు. చివరిదాంట్లో మాటలేమీ లేవు, యుద్ధం రిపోర్టు మాత్రం ఉంది. మారెక్ ఓడలు తొంభై ఎనిమిదిలో మిగిలినవి ఏడు. గ్రహం చుట్టూ కాపలా తుపాకులు ఒక్కటీ లేవు. అబ్రహాము ఓడలు రెండు వందల పన్నెండూ రేవులో గీత పడకుండా ఉన్నాయి.

శాంతికుమార్ ఆపిన మూడు నిమిషాల మీద ఒక్కసారిగా కోపం వచ్చింది. తరవాత లెక్కేసుకున్నాడు. ఆ మూడు నిమిషాలు దొరికినా ప్రయోజనం లేదు. తను ఎనిమిదీ నలభై తొమ్మిదికి ఇక్కడుండాలి. అప్పుడు చర్చిలో పాడుతున్నాడు.

క్వయరు అయ్యీ అవగానే సారిక పట్టుచీరతోనే పరుగెత్తుకొచ్చింది. తండ్రి గడియారాల తేడా చూపిస్తే పక్క కంప్యూటరులో వెతికింది. మార్చి ఆఖరి ఆదివారం యూరపంతా గడియారాలు ఒక గంట ముందుకు జరుపుకుంటారట. అది ఈరోజే, మనకు పొద్దున ఆరున్నరప్పుడు.

"జరుపుకోవడమేంటే? గడియారాన్నా?"

"అందరూ ఒకేసారి జరుపుతారట నాన్నా."

"మరి ఆ గంట ఏమైనట్టు?"

ఆమె ఆయన భుజం మీద చెయ్యేసింది. కరెంటు పోయిందని రాసెయ్యమంది. పొద్దున నిజంగానే పోయింది కాబట్టి అది అబద్ధం కూడా కాదంది. ఆ మాట ఆయన్ని లాగింది. మీటల మీద చేతులు పెట్టి చాలాసేపు ఉన్నాడు. వాళ్ళిక తనను ఓడలు అడగరు. గోడౌను పక్కగా నడిచి ఇంటికెళ్ళే రోజులు మళ్ళీ వస్తాయి. కరెంటు అంటే నమ్ముతారు, జాలి కూడా పడతారు.

చివరికి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. రెస్పెక్టెడ్ సర్. మీ గడియారం కదులుతుందని నాకు తెలియదు. మా దేశంలో కదలదు. నేను చర్చిలో ఉన్నాను. తప్పు నాది. ఓడలన్నీ క్షేమంగా ఉన్నాయి, అందుకు సిగ్గుపడుతున్నాను.

జవాబు రాలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. సారిక షట్టరు దగ్గర నిలబడి, చర్చినించి వస్తున్నవాళ్ళకు పండగ శుభాకాంక్షలు చెబుతూ మధ్యమధ్య వెనక్కి చూసింది. చర్చి గంట కూడా మోగి ఆగిపోయింది. మారెక్ మానేశాడనే ఆయనకు తోచింది.

పదీ యాభైకి ఎర్ర అక్షరం వెలిగింది. మారెక్ కోప్పడలేదు, క్షమించానని కూడా అనలేదు. ఇలా రాశాడు: "నా గనుల్లో సరుకు ఇంకా ఉంది. వాడు ఖాళీ ఓడలతో మళ్ళీ వస్తున్నాడు, దోచుకుపోవడానికి. నావి ఏడు ఓడలు, వాటిలో పట్టదు. నీ ఓడలు నిండా సరుకుతో నడిచి చూసినవే కదా. మోస్తావా?"

అబ్రహాము కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. "మోస్తాను సర్. కానీ గడియారం చెప్పకండి. ఇప్పటినుంచి ఎన్ని నిమిషాలో చెప్పండి."

ఎనభై ఎనిమిది అని వచ్చింది.

వెళ్ళడానికి నలభై, ఎక్కించడానికి ఏడో ఎనిమిదో. వాడు దిగడానికి ఇంకా నలభై నిమిషాలు మిగులుతాయి. రెండు వందల పన్నెండూ ఒకేసారి పంపాడు. పంపాక సారిక చేతిగడియారం అడిగి తీసుకుని తన గడియారం పక్కన బల్లమీద పెట్టాడు. ఆటలో గడియారాన్ని కాగితం ముక్క అంటించి మూసేశాడు.

పన్నెండింటికి సారిక క్యారియరు తెచ్చింది. ఈస్టరు భోజనం, మేక మాంసం, పులావు. సరుకు ఎక్కింది, ఓడలు మారెక్ గ్రహం వదిలి వెనక్కి తిరిగాయి. కానీ బరువెక్కిన ఓడలు మెల్లగా వస్తాయి. శత్రువు దారిలో ఎక్కడైనా కాచి ఉన్నాడేమో ఎవరికీ తెలియదు.

"రెండు ముద్దలు తిను నాన్నా. చల్లారిపోతోంది."

"మీ అమ్మ దగ్గర కూడా సరిగా నిలబడలేదే పొద్దున. సాయంత్రం వెళ్దాం" అన్నాడు తెర వంక చూస్తూనే. "ఓడలు రేవు చేరడానికి ఇంకా పందొమ్మిది నిమిషాలుంది."