గునుగు పూలకు రంగులద్దిన మధ్యాహ్నాలు

అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో పాకిన బచ్చలి తీగకు నిన్న నల్లగా పండ్లు కనిపిస్తే, చెయ్యి ఊరుకోక ఒకటి చిదిమాను. వేళ్లన్నీ వంకాయ రంగు. ఆ మరక చూడగానే పటాన్‌చెరు పక్కన మా ఊరి సర్కారు బడి, నా ఐదో తరగతి, సరోజన టీచర్ గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

టీచర్ పద్ధతే వేరు. పొద్దున లెక్కలు, తెలుగు, సైన్సు చెవి మెలిపెట్టి మరీ నేర్పేది. మధ్యాహ్నం అన్నాలు తిని చేతులు కడుక్కున్నామో లేదో వరండాలో కూచోబెట్టి, ఎక్కాలు కోలాటం అడుగులతో చెప్పించేది, చెరువు మట్టితో మా ఊరి దారులన్నీ చేయించేది, ఆకు బొమ్మ గీయనిదే ఆకు పాఠం అయినట్టు కాదనేది. రంగులు మాత్రం కొననిచ్చేది కాదు. ఎండాకాలం మోదుగు పూలు, వానలప్పుడు బచ్చలి పండ్లు, ఏడాది పొడుగునా పసుపూ సున్నమూ. లెక్కలంటే బిక్కమొహం వేసే నేను రోజూ బడికి పోయానంటే అదంతా ఆ మధ్యాహ్నాల పుణ్యమే.

బతుకమ్మ సెలవులకు ముందు బతుకమ్మలో పేర్చే తెల్లటి గునుగు పూల కట్టలు పసుపు నీళ్లలో, బచ్చలి రసంలో ముంచి వరండా నిండా ఆరబెట్టేవాళ్లం. తడి పూల వాసనకు పక్కింట్లో వేగే నువ్వుల వాసన కలిసి మాకు పాఠం ఎక్కేది కాదు. ఆ ఏడు మా రంగులు ఎండకు వెలిసిపోవడం చూశాడు మా నాయిన. వ్యవసాయం మాని రంగుల ఫ్యాక్టరీలో పనికి కుదిరిన మనిషి. అక్కడ డ్రమ్ము అడుగున మిగిలిన ఎర్ర రంగు పొడి సంచిలో కట్టుకుని మురిసిపోతూ బడికి తెచ్చాడు.

“గిది ఏస్తే ఏడాదైనా పోదు టీచరమ్మా. పిల్లల బతుకమ్మ ఊరంతా సూడాలె.”

టీచర్ జంకింది కానీ, ఆయన మొహం చూసి కాదనలేకపోయింది. గునుగు భగ్గుమని ఎర్రబడింది, మా సంబరానికి పట్టపగ్గాల్లేవు. తెల్లారేసరికి అందరి చేతులకూ దద్దుర్లు. ఎంత కడిగినా ఎరుపు వదల్లేదు, మంట తగ్గలేదు. తల్లిదండ్రులంతా బడి మీదికి వచ్చారు. నాయిన నోరు తెరవబోతే, ఫ్యాక్టరీ సరుకు తెచ్చాడని తెలిస్తే ఆయన నౌకరీ పోతుందని భయపడి టీచరే అడ్డొచ్చింది.

“నేనే తెప్పించిన. తప్పు నాదే.”

“మా పిల్లల్ని సదువుకు పంపుతున్నమా, గీ ఆటలకా?” అని అరిచారు వాళ్లు. సెలవులయ్యాక మధ్యాహ్నాలన్నీ లెక్కల గైడ్ల పాలయ్యాయి, మరుసటి ఏడు టీచర్ బదిలీ అయి వెళ్లిపోయింది. నాయిన మళ్లీ మా బడి గేటు దాటలేదు. నాకైతే ఆ తర్వాత చదివిందంతా మొక్కుబడి చదువే, ఆ దుఃఖం ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు నా కొడుకుదీ ఐదో తరగతే. వాడి టైంటేబుల్లో డ్రాయింగుంది, పాటలున్నాయి, మట్టి బొమ్మలు కూడా ఉన్నాయి. ఆ పీరియడ్లన్నీ లెక్కల సారే తీసుకుంటాడు. మొన్న పేరెంట్స్ మీటింగులో అదేమిటని అడిగితే, “సిలబస్ పూర్తి కావాలి కదా మేడం” అన్నాడు. చుట్టూ ఉన్న తల్లిదండ్రులంతా తలలూపారు. మనవడి కోసం నాతో వచ్చిన నాయిన, ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ రంగు పొడి సంగతి ఎత్తని మనిషి, మెట్లు దిగుతూ దిగుతూ ఆగాడు.

“అప్పుడంటే నా తెల్వితక్కువకు బందయింది బిడ్డా. మరి గిక్కడ ఎవలేం జేసిండ్రని బందు వెట్టిండ్రు?”