గదికి నీళ్లు పెట్టిన నాడు

మా అత్తమ్మ నున్నటి బండల మీద జారిపడి నాలుగు నెలలైనా మంచం దిగలేదు. ఎముకకేమీ కాలేదు, పోవాల్సింది భయమేనని సూర్యాపేట దవాఖానలో చెప్పారు. ఇలాగే పడుకుని ఉంటే కాళ్లు నడక మరిచిపోతాయని కూడా చెప్పారు.

"ఆ బండ మీద మళ్ల కాలు పెడ్తే నన్నడుగు" అనేది ఆమె.

చివరికి మా ఆయన మిర్యాలగూడలోని మా ఇంట్లో ఆమె గదికి మాత్రం చెక్క పలకల నేల వేయించాలని తేల్చాడు. పలకల కింద ఫోమ్ షీటు పరవాలట. సూర్యాపేట దుకాణంలో మూడు రకాల ముక్కలు ఇచ్చారు. నడిచే మనిషే ఎంచుకోవాలని ఆయన వాటిని తల్లి మంచం మీద పెట్టాడు. ఆమె ఒక్కోదాన్ని తల కింద పెట్టుకుని ఒక్కో కునుకు తీసి, సాయంత్రానికి తీర్పు చెప్పింది.

"గీ దొడ్డుదే మంచిగున్నది బిడ్డా. కింద గూడ గిదే ఎయ్యి."

దొడ్డుదే కొన్నాం.

దుకాణం వాళ్లిచ్చిన తెలుగు కాగితం చదివే పని నాది. అంతకు రెండేళ్ల ముందే, మనవరాలి పలక మీద అక్షరాలు నేర్చుకున్నాను. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. ముందుగా నేలలో మిట్టపల్లాలు చూసుకోవాలని ఉంది. అప్పటికే అలసిపోయి కాగితం మడిచి పెట్టాను. మిట్టపల్లాలు చూడటం మాకొకరు నేర్పాలా? మాడుగులపల్లిలో నేనూ అత్తమ్మా ఇరవై ఏళ్లు నాట్లు వేశాం.

"నీళ్లు పెట్టుండ్రి. నీళ్లు అబద్ధం చెప్పయి" అంది అత్తమ్మ.

మా ఆయన తడి గోనె సంచులతో గడపకు గట్టు కట్టాడు. నేను బిందెలతో నీళ్లు పోశాను. అత్తమ్మ చెరువు మధ్యలో ఉన్నట్టు మంచం మీద కూర్చుని చెయ్యి చూపిస్తూ ఉంది.

"గా మూలకు సూడు పిల్లా! బర్రె పండుకునేంత పల్లమున్నది!"

నీళ్లు తోడేశాక ఇంకా నిలిచి ఉన్న ప్రతి చోటా ఇటుక ముక్కతో అంచు గీసి, పక్కన 'పల్లం' అని రాశాను. అంత పెద్ద అక్షరాలు అంతకు ముందెప్పుడూ రాయలేదు. ఆ సంతోషంలో రెండు చోట్ల పల్లం లేకపోయినా రాశాను.

మరునాడు కోదాడ నుంచి వచ్చిన మేస్త్రీ గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఇది? నేల వేయమన్నారా, నాటు వేయమన్నారా?"

"లెవెలు సూసినం" అన్నాను.

"కాగితం రెండో పక్క చూడలేదా?"

చూడలేదు. నేల పూర్తిగా ఎండి ఉండాలన్నదే అక్కడ మొదటి మాట. తడి పైకి వస్తే పలకలు ఉబ్బుతాయట. మేస్త్రీ ఒక మూల బండల మీద పాలిథిన్ కవరు పరిచి చుట్టూ టేపు అంటించాడు. లోపల చెమట పట్టడం ఆగిన రోజు ఫోన్ చేయమన్నాడు. దొడ్డు షీటు వాపసు ఇచ్చేయమన్నాడు.

"అది వేస్తే నేల ఉయ్యాల ఊగుద్ది. అతుకులు విరుగుతాయ్. సన్నది తెచ్చుకోండి."

"సన్నటి పరుపు ఏం మంచిగుంటది?" అంది అత్తమ్మ.

"అది పరుపు కాదు మామ్మగారూ, నేల."

షీటు వాపసు వెళ్లింది. నమూనా ముక్క మాత్రం ఆమె తల కిందే ఉండిపోయింది. మా ఆయన తడి లాగుతుందని మిల్లు నుంచి ఊక తెచ్చి గదంతా పరిచాడు. పక్కింటి కోళ్లు వచ్చాయి. అత్తమ్మ మంచాన్ని ముందు గదిలోకి మార్చాం.

రోజూ పొద్దున్నే అక్కడి నుంచే అడిగేది. "చెమట పట్టిందా?"

"పట్టింది."

"సరిగ్గ సూసినవా?"

"సూసిన అత్తమ్మా."

నాలుగో రోజు పొయ్యి దగ్గరున్న నాకు ఆ ప్రశ్న వినపడలేదు. వెళ్లి చూస్తే మంచం ఖాళీగా ఉంది. ఆమె లోపలి గదిలో ఉంది. ఒక చెయ్యి గోడకు ఆనించి, వట్టి కాళ్లతో, ఊక తోసుకుంటూ వెళ్లి పాలిథిన్ మీదికి వంగి ఉంది.

"గీడ ఇంక తడున్నది. నీ కండ్లకు ఏమానుతది?" అని కసిరింది.

ఆ రోజు నుంచి ఆమె పూటకోసారి వెళ్లి చూసేది. కోళ్లను తరిమేది. తొమ్మిదో రోజు కవరు కింద పొడిగా కనిపించింది. మా ఆయనా నేనూ మొహాలు చూసుకున్నాం. ఆమె బండల మీదే తిరుగుతుంటే ఇక చెక్క నేల ఎవరి కోసం? అయినా ఆయన మేస్త్రీకి ఫోన్ చేశాడు.

పలకలు మా ఇంటి గాలికి అలవాటు పడాలని మేస్త్రీ రెండు రోజులు గదిలో ఊరికే ఉంచాడు.

"నన్ను అత్తగారింట్ల ఒక్క పూట గూడ అలవాటు కానియ్యలే" అంది అత్తమ్మ.

నేను గీసిన పల్లాలన్నీ అతను సిమెంటుతో నింపాడు. ఉత్తగా రాసిన రెండింటి దగ్గర కాసేపు తడిమి చూసి పక్కకు జరిగాడు. పైన సన్న షీటు, దాని మీద పలకలు పరిచాడు. నా అక్షరాలు కిందే ఉన్నాయి.

అత్తమ్మ కొత్త నేల మీద నాలుగడుగులు వేసింది.

"మంచిగనే ఉన్నది గని, కింద తడి ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

మిగిలిన పాలిథిన్ ముక్క, టేపు అడిగి తీసుకుంది. ఇప్పుడది వరండా బండల మీద అంటించి ఉంది. రోజూ పొద్దున్నే వట్టి కాళ్లతో వెళ్లి, అంచు ఎత్తి చూసి, లోపల మాకు కబురు చెబుతుంది. ఆ బండలు మాత్రం మేం మార్చబోవడం లేదు.